ధాన్యకటకం నుంచి డ్రెపుంగ్ వరకు: హిమాలయ స్తూప స్మృతిలో ఆంధ్రదేశం

కృష్ణానది దక్షిణ తీరాన, నేటి పల్నాడు జిల్లా అమరావతిలో, మహాచైత్యం ఉండిన మట్టిదిబ్బను ఊరివారు దీపాలదిన్నె అని పిలిచేవారు. 18వ శతాబ్ది చివర ఆ దిబ్బలో చెక్కడపు రాళ్లు బయటపడేనాటికి అది బుద్ధుని స్తూపమన్న ఎరుక అక్కడివారిలో మిగలలేదు. పేరు మాత్రం నిలిచింది. అదే కాలంలో, హిమాలయాల కావల, ల్హాసా పట్టణానికి పడమటి కొండవాలులో వేలమంది భిక్షువులు నివసించే మహావిహారమొకటి ధాన్యకటకం పేరుతోనే వర్ధిల్లుతూ ఉండింది. డ్రెపుంగ్ అనే టిబెటన్ మాటకు బియ్యపు రాశి అని అర్థం. ధాన్యకటక నామాన్ని టిబెటన్ భాషలో చెప్పడానికి వాడిన మాట అదే.

ఒకే స్తూపానికి చెందిన ఈ రెండు పేర్లు రెండు విధాలైన స్మృతికి గుర్తులు. ఒకచోట రాళ్లున్నాయి, వాటి అర్థం మరుగున పడింది. మరొకచోట రాళ్లు లేవు, అర్థం నిత్యపారాయణలో నిలిచింది. హిమాలయ స్తూపాల చరిత్రను ఆంధ్రదేశపు స్తూపాల చరిత్రతో కలిపి చదివినప్పుడు, స్తూపం దేనివల్ల నిలుస్తుంది, దేనివల్ల నశిస్తుంది అన్న ప్రశ్న స్పష్టమవుతుంది. వారసత్వ పరిరక్షకులకూ భిక్షుసంఘానికీ అది ఈనాటి ప్రశ్నే.

స్తూపారాధనకు మూలం

మహాపరినిబ్బాన సుత్తం ప్రకారం తథాగతుని శరీర ధాతువులు ఎనిమిది భాగాలయ్యాయి. ఎనిమిది చోట్ల స్తూపాలు వెలిశాయి. ధాతువులను పంచిన ద్రోణుడు తాను వాడిన పాత్రపై ఒక స్తూపాన్ని, ఆలస్యంగా వచ్చిన పిప్పలివనపు మోరియులు చితాభస్మంపై మరొక స్తూపాన్ని నిర్మించారు. నాలుగు దారులు కలిసే చోట తథాగతునికి స్తూపం కట్టాలన్న మాట ఆ సుత్తంలోనే ఉంది. బాటసారి నిలిచి, పూలో గంధమో సమర్పించి, మనసు తేటపరచుకొని సాగిపోవాలన్నది దాని ఉద్దేశం. స్తూపం మొదటినుంచీ నడిచేవారి కోసం పుట్టిన కట్టడం.

ఆ ఎనిమిదింటిలో ఒకటైన రామగ్రామ స్తూపం నేపాల్ తరాయి ప్రాంతంలో ఉన్నదని పండితులు గుర్తించారు. హిమాలయ పాదప్రాంతంలో స్తూపారాధనకు లభించిన ప్రాచీన లిఖిత సాక్ష్యం కూడా తరాయిలోదే. నిగాలీ సాగర్ వద్ద 1895లో వెలుగులోకి వచ్చిన అశోక స్తంభశాసనం, పట్టాభిషిక్తుడైన 14 ఏళ్లకు అశోకుడు కనకముని బుద్ధుని స్తూపాన్ని రెట్టింపు చేయించినట్లు చెబుతుంది. దీన్నిబట్టి క్రీ.పూ. 3వ శతాబ్ది నాటికే అక్కడ ఒక పాత స్తూపం ఉన్నదని, దాన్ని కూల్చకుండా పెంచారని తెలుస్తున్నది. ఉన్నదాన్ని లోపల ఉంచుకొని పైన మరో పొర కట్టడం స్తూపనిర్మాణంలో తరతరాలుగా వచ్చిన పద్ధతి. సాంచీలోనూ, అమరావతిలోనూ, కాఠ్మండూ లోయలోనూ స్తూపాలు ఇలాగే పెరిగాయి.

ఆంధ్రదేశంలో స్తూపం పొందిన రూపం

ఆంధ్రదేశంలో స్తూపం చాలా ముందుగానే వేళ్లూనింది. భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రీ జరిపిన తవ్వకాల్లో రాతి పేటికలు, వాటిలో స్ఫటిక కరండాలు లభించాయి. పేటికలపై ఉన్న ప్రాకృత శాసనాలు బుద్ధుని శరీర ధాతువులను, కుబిరకుడనే రాజును పేర్కొంటాయి. వాటి లిపికి ప్రత్యేకత ఉండటంవల్ల దాన్ని భట్టిప్రోలు లిపి అనే వ్యవహరిస్తున్నారు.

ధాన్యకటక మహాచైత్యం వీటన్నిటిలోకీ పెద్దది. దాని వ్యాసం సుమారు 49 మీటర్లు. చుట్టూ ప్రదక్షిణ పథం, దాని వెలుపల పలనాటి సున్నపురాతితో చెక్కిన వేదిక ఉండేవి. ఆంధ్ర స్తూపానికి ప్రత్యేకమైన అంగం ఆయక వేదిక. నాలుగు దిక్కులా మేధి నుంచి ముందుకు పొడుచుకొని వచ్చిన అరుగుమీద ఐదేసి స్తంభాలు నిలిపేవారు. జననం, మహాభినిష్క్రమణం, సంబోధి, ధర్మచక్ర ప్రవర్తనం, మహాపరినిర్వాణం అనే ఐదు ఘట్టాలకు అవి సంకేతాలని పండితుల వివరణ. ఏ దిక్కునుంచి వచ్చినా భక్తునికి ముందుగా బుద్ధుని జీవితమే ఎదురవుతుంది.

ఈ మహానిర్మాణం రాజుల ధనంతోనే లేవలేదు. దాతల శాసనాల్లో గృహస్థులు, వణిజులు, భిక్షువులు, భిక్షుణులు కనిపిస్తారు. విధికుడనే చర్మకారుడు తన కుటుంబంతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఫలకాన్ని సమర్పించాడు. తండ్రి ఉపాధ్యాయుడైన నాగుడని అతడు చెప్పుకొన్నాడు. శాతవాహనుల కాలంలో ఒక తోలుపని చేసేవాని పేరు రాతిపై నిలిచి ఈనాటికీ చదవడానికి వీలుండటం స్తూపారాధనవల్లనే సాధ్యమైంది.

నాగార్జునకొండ మహాచైత్యంలో మరో విశేషం ఉంది. బయటికి అర్ధగోళంగా కనిపించే ఆ కట్టడపు లోపలి గోడలు బండిచక్రపు ఆకుల మాదిరి కేంద్రం నుంచి అంచుకు సాగుతాయి. గోడల మధ్య ఖాళీలను మట్టితో నింపారు. భారీ కట్టడానికి ఇటుకను పొదుపుగా వాడుకొనే ఉపాయం ఇందులో ఉంది. ధర్మచక్రపు ఆకృతి స్తూపగర్భంలోనే ఇమిడి ఉన్నదన్న అర్థమూ దీనికి చెప్పవచ్చు. ఇక్ష్వాకు రాజు వాసిఠీపుత శాంతమూలుని సోదరి చాంతిసిరి, వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో ఈ చైత్యానికి స్తంభాలు నిలిపింది. 1927 నుంచి 1931 వరకు ఎ.హెచ్. లాంగ్‌హర్స్ట్ జరిపిన తవ్వకాల్లో ఇక్కడ వెండి స్తూపాకృతి కరండం, దానిలో బంగారు భరిణె, అందులో చిన్న అస్థి శకలం లభించాయి. ఆ ధాతువు తరువాత సారనాథ్‌లోని మూలగంధకుటీ విహారానికి చేరింది.

దారులు చెప్పే శాసనం

కృష్ణాతీరానికీ హిమాలయాలకూ ఉన్న సంబంధాన్ని తొలిసారి రాతిమీద చెప్పింది ఒక ఉపాసిక. వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో బోధిసిరి అనే గృహిణి నాగార్జునకొండలోని చుళధమ్మగిరి మీద చైత్యగృహం కట్టించి, తంబపణ్ణి థేరులకు అంకితం చేసింది. ఆ థేరులు ధర్మప్రసాదం కలిగించిన దేశాల జాబితా శాసనంలో ఉంది. కాశ్మీరం, గాంధారం, చీన, చిలాత, తోసలి, అవరాంత, వంగ, వనవాసి, యవన, దమిళ, పలూర, తంబపణ్ణి ద్వీపం అన్నవి ఆ పేర్లు.

ఈ జాబితాలో చిలాత అన్నది కిరాతులదని, అంటే హిమాలయ ప్రాంతపు జనులదని పండితులు భావిస్తున్నారు. అవరాంతమంటే అపరాంతం, పడమటి తీరం. శూర్పారకం కేంద్రంగా ఉన్న ఉత్తర కొంకణం దాని ముఖ్యభాగం. విస్తృతార్థంలో తాపీనది సాగరంలో కలిసే నేటి సూరత్ పరిసరాలనూ అందులో చేర్చుకోవచ్చు. ఆ పేర్లన్నీ థేరుల గొప్పతనాన్ని కీర్తించే వాక్యంలో వచ్చాయి కనుక ప్రతి దేశానికీ నాగార్జునకొండ నుంచి భిక్షువులు వెళ్లారని దీన్నిబట్టి తేల్చి చెప్పరాదు. అయినా ఆ కాలపు ఒక ఉపాసిక మనసులో ధర్మం వ్యాపించిన భూగోళం ఎంతటిదో అది చూపుతున్నది. తూర్పు సముద్రం నుంచి పడమటి సముద్రం దాకా, సింహళం నుంచి మంచుకొండల దాకా ఆమెకు ఒకే క్షేత్రం. కృష్ణాతీరపు స్తూపాల గురించిన వార్త తరువాతి శతాబ్దాల్లో ఉత్తరానికి చేరడంలో ఆశ్చర్యం లేదు.

హిమాలయ స్తూపం: అంగాలు, అర్థాలు

టిబెటన్ భాషలో స్తూపాన్ని చోర్టెన్ అంటారు. పూజకు ఆధారమైనది అని దాని అర్థం. బుద్ధుని కాయానికి ప్రతిమ, వాక్కుకు గ్రంథం, చిత్తానికి స్తూపం ఆధారాలని ఆ సంప్రదాయం చెబుతుంది. కనుక హిమాలయ గ్రామంలో దారిపక్క నిలిచిన చిన్న చోర్టెన్ కూడా బుద్ధచిత్తానికి కంటికి కనిపించే రూపం.

దీని అంగాలు భారతీయ స్తూపానివే. పీఠం, మెట్లు, కుంభం, హర్మిక, ఛత్రావళి వరుసగా పైకి లేస్తాయి. తొలినాటి అండం ఇక్కడ కుంభమైంది, బుంపా అనే మాటకు కలశమనే అర్థం. కొద్ది ఛత్రాల స్థానంలో పదమూడు చక్రాల శిఖరం వచ్చి, బోధిసత్త్వ మార్గంలోని మెట్లకు గుర్తయింది. దానిపై ఛత్రం, చంద్రరేఖ, సూర్యబింబం నిలిచాయి. పీఠం పృథ్వి, కుంభం జలం, శిఖరం అగ్ని, ఛత్రం వాయువు, కొసనున్న మణి ఆకాశం అన్న పంచభూత వివరణ కూడా ప్రచారంలో ఉంది. పూర్వపు యష్టి స్థానంలో స్తూపం నడుమ నిలిపే కొయ్యను ప్రాణవృక్షమంటారు. దానిపై మంత్రాలు రాసి, చుట్టూ ధారణుల చుట్టలు, మట్టితో అచ్చుపోసిన చిన్న చైత్యాలు పేర్చి, ప్రతిష్ఠ జరిపిన తరువాతే ఆ కట్టడం చోర్టెన్ అవుతుంది. ప్రతీత్యసముత్పాదాన్ని చెప్పే గాథను కూడా ధర్మధాతువుగా లోపల ఉంచుతారు. శరీర ధాతువు అందని చోట ధర్మమే ధాతువైంది. ఈ మార్పువల్లనే ఎంత మారుమూల కనుమలోనైనా స్తూపం నిలపడం సాధ్యమైంది.

టిబెటన్ సంప్రదాయంలో ఎనిమిది స్తూపరూపాలున్నాయి. జననం, సంబోధి, ధర్మచక్ర ప్రవర్తనం, శ్రావస్తి ప్రాతిహార్యం, స్వర్గం నుంచి అవతరణం, సంఘభేద నివారణం, ఆయుష్షును నిలుపుకోవడం, పరినిర్వాణం అన్న ఎనిమిది ఘట్టాలకు ఒక్కొక్క రూపం. ఆంధ్ర స్తూపం ఐదు ఘట్టాలను ఐదు స్తంభాలుగా ప్రతి దిక్కునా నిలిపింది. హిమాలయం ఎనిమిది ఘట్టాలను ఎనిమిది స్తూపాలుగా వరుసలో నిలిపింది. ఒకదాని నుంచి మరొకటి పుట్టిందనడానికి ఆధారం లేదు. బుద్ధుని జీవితాన్ని కట్టడంగా మలచి, దాని చుట్టూ నడవడం ద్వారా ఆ జీవితాన్ని స్మరించాలన్న భావన మాత్రం రెండింటికీ ఉమ్మడిది.

కాఠ్మండూ లోయలోని స్వయంభూ చైత్యంలో ఈ దిక్కుల భావన మరో రూపం పొందింది. తూర్పున అక్షోభ్యుడు, దక్షిణాన రత్నసంభవుడు, పడమట అమితాభుడు, ఉత్తరాన అమోఘసిద్ధి గూళ్లలో ఆసీనులై ఉంటారు. ఆంధ్ర స్తూపంలో ఆయక వేదికలు నిలిచిన నాలుగు దిక్కులే ఇక్కడ నలుగురు తథాగతుల స్థానాలయ్యాయి. నేవారీ బౌద్ధులు ఆ చైత్యాన్ని ధర్మధాతు వాగీశ్వరమని కూడా వ్యవహరిస్తారు. కాలచక్ర సంప్రదాయం ధాన్యకటకం గురించి చెప్పే కథలోనూ ఇదే మాట వినిపిస్తుంది.

కాలచక్రంలో ధాన్యకటకం

ఆ కథ ఇలా ఉంది. చైత్ర పూర్ణిమనాడు బుద్ధుడు ధాన్యకటక మహాచైత్యంలో శంభల దేశపు రాజు సుచంద్రునికి కాలచక్ర మూలతంత్రాన్ని ఉపదేశించాడు. ఆ సమయంలో చైత్యగర్భంలో కింద ధర్మధాతు వాగీశ్వర మండలం, పైన శ్రీనక్షత్ర మండలం ఆవిర్భవించాయి. అదే వేళ ఆయన గృధ్రకూటంపై ప్రజ్ఞాపారమితను ప్రవచిస్తూ ఉన్నాడు. సుచంద్రుడు ఆ ఉపదేశాన్ని శంభలకు తీసుకుపోగా, తరతరాల తరువాత అది తిరిగి భారతదేశానికి వచ్చింది.

చరిత్రకారుడు దీన్ని ఇదే రూపంలో అంగీకరించలేడు. లభిస్తున్న కాలచక్ర తంత్రం, దానికి విమలప్రభ అనే వ్యాఖ్య క్రీ.శ. 11వ శతాబ్ది తొలి దశాబ్దాలవి. బుద్ధుడు కృష్ణాతీరానికి వచ్చాడని చెప్పే ప్రాచీన ఆధారం లేదు. కథను ఆ కారణంగా పక్కన పెడితే మాత్రం మరో సాక్ష్యం చేజారుతుంది. 11వ శతాబ్దిలో ఉత్తర భారతదేశంలోని తాంత్రిక ఆచార్యులు తమ మహాతంత్రానికి జన్మస్థానంగా బుద్ధగయను గానీ నలందను గానీ ఎంచుకోక, దూరదక్షిణంలోని ఒక స్తూపాన్ని ఎంచుకొన్నారు. అప్పటికి ఆ చైత్యపు కీర్తి అంతటిది. 7వ శతాబ్దిలో హ్యూయన్‌త్సాంగ్ ధాన్యకటక దేశానికి వచ్చి, సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువుల వద్ద మహాసాంఘిక అభిధర్మం చదువుకొన్నాడు. అక్కడి విహారాల్లో చాలావరకు పాడుపడ్డాయని కూడా రాశాడు. పాడుపడుతున్న విహారాల నడుమ స్తూపపు కీర్తి తరగలేదనే ఈ కథ సూచిస్తున్నది.

టిబెటన్ సంప్రదాయం కాలచక్రం తమ దేశానికి వచ్చిన సంవత్సరంగా 1027ను లెక్కిస్తుంది. వారి అరవై ఏళ్ల చక్రం ఆ ఏడాదితో మొదలవుతుంది. మొదటి సంవత్సరపు పేరు రబ్‌జుంగ్, అది ప్రభవ అన్న మాటకు అనువాదం. ఆ లెక్కలో పదిహేడో చక్రం 1987లో ఆరంభమైంది. తెలుగు పంచాంగంలోనూ 1987 ఉగాది ప్రభవ నామ సంవత్సరానిదే. రెండు దేశాల పంచాంగాలకూ మూలం భారతీయ గణనమే కనుక దీన్ని ఆంధ్రుల ప్రభావమని చెప్పనక్కరలేదు. అయినా ప్రభవ, విభవ అని ఏళ్లు లెక్కపెట్టే తెలుగువారికి హిమాలయ విహారంలోని కాలగణన పరాయిది కాదు.

14వ శతాబ్దిలో దోల్పోపా షేరబ్ గ్యల్త్సెన్ జోనంగ్ విహారంలో ఒక మహాస్తూపం తలపెట్టి 1333లో పూర్తిచేయించాడు. ధాన్యకటకంలో కాలచక్రం ఉపదేశించిన స్తూపాన్ని గ్రంథాలు వర్ణించిన తీరే అతని నమూనా. కృష్ణాతీరాన్ని ఎన్నడూ చూడని శిల్పులు పుస్తకంలోని ధాన్యకటకాన్ని మంచుకొండల నడుమ నిలిపారు. 1416లో ఆచార్య త్సోంగ్‌ఖాపా శిష్యుడు జమ్యాంగ్ ఛోజే ల్హాసా చెంత డ్రెపుంగ్ విహారాన్ని స్థాపించాడు.

ధాన్యకటకాన్ని కళ్లారా చూసి హిమాలయాలు దాటిన పండితుడూ ఉన్నాడు. చిట్టగాంగ్ ప్రాంతంలో 1384లో జన్మించిన వనరత్నుడు సింహళంలో చదువుకొని, తిరుగుదారిలో శ్రీధాన్యకటక మహాచైత్యాన్ని దర్శించి, 1426లో టిబెట్ చేరుకొన్నాడు. అతని శిష్యుడు గోయ్ లోచావా 15వ శతాబ్ది చివర రచించిన నీలచరితం అనే చరిత్రగ్రంథం ఈ ప్రయాణాన్ని నమోదు చేసింది. జోనంగ్ సంప్రదాయపు ఆచార్యుడు తారానాథుడు 1608లో రాసిన బౌద్ధధర్మ చరిత్రలో ధాన్యకటక చైత్యానికి ప్రాకారం కట్టించినవాడు నాగార్జునుడని పేర్కొన్నాడు. అమరావతి వేదికను నాగార్జునుడు కట్టించాడని చెప్పే శాసనం లేదు. కాని ఆ చైత్యానికి చూడదగిన వేదిక ఉండేదన్న సంగతి, సొంత ఊరు దాన్ని మరిచిపోతున్న కాలంలో, టిబెట్‌లో ఒక ఆచార్యుని గ్రంథంలో భద్రంగా ఉంది.

దీపాలు, తరువాత చీకటి

దక్షిణాన స్తూపం ఒక్కసారిగా ఆరిపోలేదు. 1182లో కోట వంశపు రెండవ కేతరాజు ధాన్యకటకంలోని బుద్ధదేవునికి గ్రామాలు, అఖండదీపాలు సమర్పించినట్లు అమరేశ్వరాలయంలోని శాసనం చెబుతుంది. శివాలయపు స్తంభంమీద బుద్ధపూజ శాసనం చెక్కించడానికి ఆ రాజుకు సంకోచం కలగలేదు. 1234లోనూ అదే బుద్ధునికి దీపదానం జరిగింది. 1344 నాటి సింహళ గడలాదెణియ శాసనం ప్రకారం ధర్మకీర్తి అనే స్థవిరుడు ధాన్యకటకంలో రెండంతస్తుల ప్రతిమాగృహాన్ని జీర్ణోద్ధరణ చేయించాడు. దీపాలదిన్నె అన్న పేరు ఈ అఖండదీపాల జ్ఞాపకమే కావచ్చు. అదే నిజమైతే, దీపం ఆరినా దాని పేరు నాలుగైదు వందల ఏళ్లు ఊరి నాలుకమీద వెలిగింది.

1790ల్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్టణం కట్టించే వేళ దిన్నెనుంచి ఇటుకలు, రాళ్లు తరలాయి. 1798లో కాలిన్ మెకంజీ ఆ చోటును చూశాడు. 1816లో మళ్లీ వచ్చి చిత్రకారులచేత శిల్పాలను గీయించేనాటికి దిబ్బ నడుమ చెరువు కోసం తవ్వేశారు. 1845లో వాల్టర్ ఎలియట్, 1877లో రాబర్ట్ సీవెల్, 1881–82లో జేమ్స్ బర్జెస్, 20వ శతాబ్ది తొలి దశకంలో అలెగ్జాండర్ రీ వరుసగా తవ్వించారు. శిల్పాలు మద్రాసు మ్యూజియానికి, లండన్‌కు చేరాయి. బ్రిటిష్ మ్యూజియంలో వందకు పైగా ఫలకాలున్నాయి.

స్తూపం ఎలా ఉండేదో చెప్పడానికి చివరకు మిగిలిన సాక్షి స్తూపమే. మేధికి తాపిన ఫలకాలపై శిల్పులు ఆ చైత్యపు రూపాన్నే చెక్కారు. వేదిక, సింహద్వారాలు, ఆయక స్తంభాలు, పూలదండలతో అలంకరించిన అండం, ఆకాశంలో నమస్కరించే దేవతలు ఆ చిన్న రాళ్లలో ఉన్నాయి. వాటి ఆధారంగానే పండితులు మహాచైత్యపు పూర్ణరూపాన్ని ఊహించారు. అది అసలు నిలిచిన చోట మాత్రం ఇప్పుడు తక్కువ ఎత్తున మిగిలిన శిథిలం ఉంది.

రెండు విధాల పరిరక్షణ

నాగార్జునకొండ కథ దీనికి భిన్నమైనది. నాగార్జునసాగర్ ఆనకట్టవల్ల లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 వరకు పురావస్తుశాఖ అక్కడ విస్తృతంగా తవ్వకాలు జరిపింది. ముఖ్యమైన కట్టడాల్లో కొన్నిటిని కొండపైకి, కొన్నిటిని అనుపుకు తరలించి తిరిగి పేర్చారు. జ్ఞానం దక్కింది, రూపం కొంత దక్కింది. చైత్యాలు నిలిచిన నేల, వాటి మధ్య భిక్షువులు నడిచిన దారులు నీటి అడుగున ఉన్నాయి.

హిమాలయంలో పరిరక్షణ వేరే తీరున సాగుతుంది. 2015 ఏప్రిల్ 25 భూకంపంలో కాఠ్మండూలోని బౌద్ధనాథ స్తూపపు శిఖరం దెబ్బతిన్నది. హర్మికను, ఛత్రావళిని విప్పి, భక్తుల విరాళాలతో, శ్రమదానంతో తిరిగి కట్టి 2016 నవంబరులో ప్రతిష్ఠ జరిపారు. పాత రాయి పాతగానే ఉండాలన్న పురావస్తు సూత్రంతో చూస్తే ఇలాంటి పునర్నిర్మాణంలో అభ్యంతరాలు కనిపిస్తాయి. ప్రతి జీర్ణోద్ధరణలోనూ పాత పొర ఆనవాళ్లు కొన్ని చెరిగిపోతాయి. పరిశోధకునికి అది పూడ్చలేని నష్టం. ప్రదక్షిణ ఆగిన స్తూపం దీపాలదిన్నెగా మారడానికి ఎంతో కాలం పట్టదన్నది భిక్షువు వైపునుంచి వచ్చే సమాధానం. అమరావతి చరిత్ర ఇద్దరి మాటకూ సాక్ష్యమిస్తున్నది. ఆరాధన ఆగినచోట రాళ్లు మరో కట్టడానికి ముడిసరుకయ్యాయి. మెకంజీ బొమ్మలు గీయించకపోయి ఉంటే, ఆ తరువాత నశించిన ఫలకాల గురించి ఏ ఆచార్యుని పారాయణా మనకు తెలియజెప్పగలిగేది కాదు.

అందుచేత కృష్ణాతీరపు స్తూపస్థలాల విషయంలో రెండు పనులు కలిసి సాగవలసి ఉంది. మొదటిది, ప్రతి ఇటుకనూ ప్రతి ఫలకాన్నీ ఉన్నచోటుతో సహా నమోదు చేయడం, ఊహాజనితమైన పునర్నిర్మాణం జోలికి పోకపోవడం. రెండవది, ప్రదక్షిణకు, మౌనానికి, పుష్పసమర్పణకు అక్కడ చోటివ్వడం. ఒకదానికోసం మరొకదాన్ని వదులుకోనక్కరలేదు. తమ విహారపు పేరు ఏ నేలదో తెలిసిన హిమాలయ భిక్షువుకు, ఆ నేలపై దొరికిన శాసనాలు చదివిన తెలుగు పరిశోధకుడు చెప్పవలసినవి చాలా ఉన్నాయి. వారి గ్రంథాల్లోని ధాన్యకటకాన్ని తెలుగులోకి తెచ్చే పని కూడా చాలావరకు మిగిలే ఉంది.

2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర దీక్ష నిర్వహించారు. హిమాలయ సానువుల నుంచి, కర్ణాటకలో ముండ్‌గోడ్ వద్ద తిరిగి నెలకొన్న డ్రెపుంగ్ వంటి విహారాల నుంచి భిక్షువులు, గృహస్థులు పెద్దసంఖ్యలో తరలివచ్చారు. తాము చిన్ననాటినుంచి గ్రంథాల్లో వింటున్న చైత్యపు శిథిలానికి వారు ప్రదక్షిణ చేశారు. చోర్టెన్ చుట్టూ తిరిగినట్లే, కుడిభుజం స్తూపం వైపు ఉంచి, నడిచారు. పాత ప్రదక్షిణ పథం అలా నడిచేవారి కోసం పరిచినదే.